విరిగిన బండకు జవాబుదారీ ఎవరు?

ప్రశ్న: పక్క పట్టణంలో బజారుకెళ్లిన మా అమ్మ కాలు, కాలిబాటలో మురుగుకాలువ మీది బండ విరిగి లోపలికి దిగబడింది. మోకాలి కింద ఎముక విరిగింది. మున్సిపాలిటీని పరిహారం అడగొచ్చా?
– ఓ పాఠకురాలు, వాల్మీకిపురం

జవాబు: అడగొచ్చమ్మా. ఢిల్లీ చాందినీ చౌక్‌లో గడియార స్తంభం కూలి జనం చనిపోయిన కేసులో బాధ్యత మున్సిపాలిటీదేనని సుప్రీంకోర్టు 1966లోనే తేల్చింది. అయితే పడినంత మాత్రాన డబ్బు రాదు, నిర్లక్ష్యం రుజువు కావాలి.

అందుకే ముందు ఆ బండను ఫొటో తీయండి, పక్క దుకాణం బోర్డు కూడా కనబడేలా. ఫిర్యాదు అందగానే పైన సిమెంటు పూసేస్తే సాక్ష్యం కాస్తా పోతుంది. ఎక్స్‌రే, బిల్లులు, చూసినవాళ్ల పేర్లు దాచండి. కాలువ మున్సిపాలిటీదో, రోడ్లు భవనాల శాఖదో సమాచార హక్కు దరఖాస్తుతో తేల్చుకోండి. లేదంటే ఒకరి మీదికొకరు తోసేస్తారు. తర్వాత కమిషనర్‌కు రాతపూర్వక నోటీసిచ్చి రసీదు తీసుకోండి.

పారిశుద్ధ్యం ప్రజోపయోగ సేవ కాబట్టి, సివిల్ దావాకన్నా ముందు శాశ్వత లోక్ అదాలత్‌ను ఆశ్రయించడమే మేలని నా అభిప్రాయం. అక్కడ కోర్టు ఫీజు ఉండదు. ఏడాది దాటనివ్వకండి, కాలపరిమితి చట్టం అడ్డొస్తుంది. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలునిస్తారు. 15100కు ఫోన్ చేయండి.