బెల్లపు నీరు, గంజి, పిచికారి

మేడ్చలు, శామీరుపేట ప్రాంతములలో కూరగాయలు పండించు రైతు సోదరులు కొందరు, వేపకషాయము ఆకులనుండి జారిపోకుండుటకై దానిలో బెల్లమో గంజియో కలుపుదురు. ఈ రెండును ద్రవమును చిక్కపరచునవే. కాని వాని తీరు వేరని మేము మనవి చేయుచున్నాము.

ద్రవము పారుటకు లోన కలుగు అడ్డగింపును శాస్త్రజ్ఞులు స్నిగ్ధత యందురు. చల్లని ద్రావణములో నూటికి 20 పాళ్లు పంచదార యున్నచో చిక్కదనము నీటికి రమారమి రెండు రెట్లే. 40 పాళ్లకు ఆరు రెట్లు. 60 పాళ్లకు ఏబది రెట్లు మించును! పాకము కడపటి ఘడియలలో చటుక్కున ముదురుట కిది యొక కారణము. కావున 200 లీటర్ల నీటిలో 2 కిలోల బెల్లము వేసి చిక్కనైనదని తలచుట భ్రమయే. ఎండిన పిదప ఆకున కంటుకొనుట వేరు సంగతి. చీమలును వచ్చును.

గంజిలోని పిండిపదార్థము, గోరుచిక్కుడు గింజల జిగురు అట్లు కావు. అవి చక్కెర అణువులు వందలు వేలుగా కూర్చబడిన గొలుసులు. నీట విచ్చుకొని, ఒకదానితో నొకటి పెనగొని, ప్రవాహము నడ్డగించును. గోరుచిక్కుడు జిగురు నూటికి ఒక్క పాలు కలిసినచో నీరు వేల రెట్లు చిక్కబడును. పిచికారి కంత పనికిరాదు. తుంపర పెద్ద చుక్కలై నేలపాలగును. పొడిని ఒక్కసారిగా కుమ్మరించినచో ఉండలు కట్టి పిచికారి రంధ్రము మూసుకొనును. కొద్దికొద్దిగా చల్లుచు కలిపి, గుడ్డతో వడగట్టవలెను.

అడుగున సన్నని రంధ్రము గల డబ్బాలో గ్లాసెడు నీరు పోసి, కారుటకు పట్టు కాలము చూడుడు. పిమ్మట కషాయమును అట్లే చూడుడు. వేడిమికి ద్రవములు పలుచనగును గనుక రెండింటిని ఒకే వేళ కొలువవలెను.