తప్పు చేసిన పిల్లలు ముందు ఎవరి దగ్గరికి రావాలి?

రాత్రి కుటుంబ ప్రార్థన జరుగుతూ ఉంటుంది. మధ్యాహ్నం పిల్లవాడు అబద్ధం చెప్పి దొరికిపోయాడు. నాన్న గొంతు ఉన్నట్టుండి పెరుగుతుంది. "ప్రభువా, ఈ ఇంట్లో అబద్ధాలాడే నాలుకను మార్చు తండ్రీ!" ఆ మాట దేవుడితో అంటున్నది కాదని, తనకు తగలాలనే అంటున్నారని కళ్లు మూసుకున్న ఆ పిల్లవాడికి తెలిసిపోతుంది. చెల్లెలు ఒక కన్ను తెరిచి అన్న వైపు చూస్తుంది. దయచేసి ఇలా చేయకండి. మందలించాల్సి వస్తే ప్రార్థనకు ముందే, పక్కకు పిలిచి, ముఖాముఖి మందలించండి. తప్పు చేసిన రోజున కూడా వాడు బెరుకు లేకుండా మోకరించగలగాలి.

మారుమనస్సు గురించి పిల్లలకు చెప్పేటప్పుడు మనలో చాలామంది నరకంతో మొదలుపెడతారు. లూకా సువార్త 19వ అధ్యాయంలోని జక్కయ్య కథను ఒకసారి నెమ్మదిగా చదవండి. యెరికోలో సుంకరుల పెద్ద అతను. ఊరంతా పాపి అని దూరం పెట్టిన మనిషి. మేడిచెట్టు కింద యేసు ఆగి, పేరు పెట్టి పిలిచి, ఈ రోజు నీ ఇంట్లోనే ఉండాలి అన్నాడు. అప్పటికి జక్కయ్య ఒక్క తప్పు కూడా ఒప్పుకోలేదు. ఆస్తిలో సగం బీదలకు ఇస్తానని, అన్యాయంగా ఎవరి దగ్గరైనా తీసుకుని ఉంటే నాలుగంతలు తిరిగిస్తానని అతను అన్నది ఆ తర్వాతే. తప్పు ఒప్పుకున్నవాడు తీసుకున్నదంతా తిరిగిచ్చి, దానికి ఐదో వంతు కలిపి ఇవ్వాలని సంఖ్యాకాండంలో ఉంది. జక్కయ్య అంతకు ఎన్నో రెట్లు ఇవ్వడానికి సిద్ధపడ్డాడు. బెదిరించి అంత ఇప్పించడం ఎవరివల్లా కాదు. ఆదరణ ముందు వచ్చింది, మార్పు దాని వెనకే వచ్చింది. మన ఇళ్లలో ఈ వరస తిరగబడుతోందని నా బాధ.

ఆదరించడమంటే తప్పును చూసీచూడనట్టు వదిలేయడం కాదు. పిల్లవాడు కిరాణా కొట్లో చాక్లెట్లు తీసి జేబులో వేసుకొచ్చాడనుకోండి. డబ్బులిచ్చి రమ్మని ఒక్కడినే పంపకండి, వాడి బదులు మీరు వెళ్లి సర్దిచెప్పి రాకండి. వాడితో కలిసి వెళ్లండి. జనం లేని వేళ చూసుకోండి. కౌంటర్ దగ్గర మీరు ఒక అడుగు వెనక నిలబడి, మాట వాడినే చెప్పనివ్వండి. "అంకుల్, నిన్న నేను అడక్కుండా తీసుకున్నాను" అనడానికి వాడికి రెండు నిమిషాలు పట్టొచ్చు. ఆ రెండు నిమిషాలూ ఓపిక పట్టండి. డబ్బు వాడు దాచుకున్న దాంట్లోంచే ఇవ్వాలి. ఇంటికొచ్చాక అందరితోపాటు అన్నం పెట్టండి, ఇక ఆ సంగతి ఎత్తకండి. చుట్టాలొచ్చినప్పుడు నవ్వులాటకు కూడా ఎత్తకండి.

ఎఫెసీయులకు రాసిన పత్రికలో పౌలు దొంగతనం మానమని చెప్పి అక్కడితో ఆగలేదు. చేతులతో కష్టపడి, అక్కరలో ఉన్నవారికి ఇచ్చేంతగా సంపాదించుకోమన్నాడు. మానేసిన చెడ్డ అలవాటు స్థానంలో ఒక మంచి పని రావాలి. చాక్లెట్లు తీసిన పిల్లవాడికే ఆదివారం కానుక కవరు అప్పగించి చూడండి. తనను నమ్మారన్న ధైర్యం వాడికి కలుగుతుంది.

తల్లిదండ్రులందరూ ఒకసారి పక్కపక్కన పెట్టి చదవాల్సిన సంగతులు రెండున్నాయి. పేతురు యేసును ఎరగనని మూడుసార్లు అన్నాడు. యూదా ముప్పై వెండి నాణేలకు ఆయన్ని అప్పగించాడు. ఇద్దరూ బాధపడ్డారు. యూదా నాణేలు వెనక్కి తెచ్చి, పాపం చేశానని ప్రధాన యాజకుల ముందు ఒప్పుకున్నాడు కూడా. దాంతో మాకేం పని, నువ్వే చూసుకో అన్నారు వాళ్లు. ఆ తర్వాత అతనికి ఏమైందో మనకు తెలుసు. పేతురుకు గలిలయ సముద్రపు ఒడ్డున నిప్పుల మీద కాల్చిన చేపలు, రొట్టె దొరికాయి. ముందు తినమన్నాడు యేసు. నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగింది, గొర్రెలను అప్పగించింది భోజనం అయ్యాకే. మార్కులు దాచిన అమ్మాయి, ఫోన్‌లో చూడకూడనిది చూసిన అబ్బాయి వణుకుతూ మీ గది గుమ్మం దగ్గరికి వస్తారు. ఆ క్షణంలో "నీ ఖర్మ, నువ్వే చూసుకో" అనే మాట మీ నోట రాకూడదు. కోపం ఆగకపోతే "కాసేపు కూర్చో, నీళ్లు తాగు" అనండి చాలు.

అమ్మలకు ఒక మాట. స్త్రీల కూటంలో ప్రార్థన మనవిగా కూడా పిల్లల తప్పును బయటపెట్టకండి. వాళ్లు నమ్మి చెప్పిన మాట ఆదివారానికల్లా సంఘమంతా పాకితే మరోసారి మీకేమీ చెప్పరు. పాస్టరు గారి సాయం కావాలనుకుంటే ముందు పిల్లల్నే అడిగి, వాళ్లు సరేనంటేనే చెప్పండి.

అదే తప్పు మళ్లీ చేస్తే? చేస్తారు. అప్పుడు "మొన్న ఏడ్చిందంతా నటనేనా?" అని మాత్రం అనకండి. పరిశుద్ధాత్మ దిగివచ్చి, మూడు వేలమంది బాప్తిస్మం పొందేలా ప్రసంగించిన పేతురు కూడా తర్వాత అంతియొకయలో మనుషులకు భయపడి, అన్యజనుల నుంచి వచ్చిన విశ్వాసులతో కలిసి భోంచేయడం మానేశాడు. పౌలు ముఖం మీదే తప్పని చెప్పాడు. అంతమాత్రాన గలిలయ ఒడ్డున పేతురు చెప్పిన మాట అబద్ధమైపోలేదు. కాబట్టి పిల్లవాడు రెండోసారి తీసినా మళ్లీ వాడితో కలిసి ఆ కొట్టుకే వెళ్లండి, మునుపటిలాగే ఒక అడుగు వెనక నిలబడండి.