అన్నం తిన్న వెంటనే టీ వద్దు

రోజూ ఆకుకూర పప్పు తిన్నా ఒంట్లో రక్తం తక్కువేనా? తిన్న వెంటనే తాగే టీ కూడా ఇందుకు కారణం కావచ్చు. టీలోని టానిన్లు ఆకుకూరలు, పప్పులు, జొన్న, రాగుల్లోని ఇనుమును పేగుల్లోనే పట్టేస్తాయి. భోజనంతో కప్పు టీ తాగితే ఒంటికి పట్టే ఇనుము సగానికి పైగా తగ్గిపోవచ్చు. కాఫీ కూడా ఇనుమును పట్టనివ్వదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. నాట్లు, కలుపులకు వెళ్లే ఆడవారికి ఆయాసం, నీరసం దీనివల్లే రావచ్చు.

ఇలా చేయండి: భోజనానికి, టీకి కనీసం గంట ఎడం ఉంచండి. పప్పు దించాక నిమ్మకాయ పిండండి, లేదా భోజనంతో జామపండు తినండి. వీటిలోని సి విటమిన్ ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. ఐరన్ మాత్రను టీతోనో, పాలతోనో కాక మంచినీళ్లతో వేసుకోవాలి. నీరసం తగ్గకపోతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్ష చేయించుకోండి.