వంగిన వేళ్లు వేసిన బొమ్మలు

"వేళ్లు వంకరపోయాయండీ, ఇక నేనెందుకు పనికొస్తాను?" అని కీళ్లవాతంతో వచ్చే అక్కచెల్లెళ్లు మమ్మల్ని అడుగుతుంటారు. మగ్గం, నాట్లు, కుట్టుమిషను పనులతో బ్రతికే భట్టిప్రోలు చుట్టుపక్కల కుటుంబాల్లో అది చిన్న ప్రశ్న కాదు. అందుకే ఈసారి కెనడా దేశపు మాడ్ లూయిస్ గారి గురించి చెప్పదలిచాము.

ఆమె నోవా స్కోషియా రాష్ట్రంలో జన్మించారు. బాల్యంలోనే కీళ్లవాతం వచ్చి చేతివేళ్లు వంగిపోయాయి, గడ్డం ఛాతీకి ఆనేటట్టు మెడ కుంగిపోయింది. బొమ్మల బడికి వెళ్లింది లేదు. తల్లి పక్కన కూర్చొని క్రిస్మస్ కార్డులకు రంగులు వేయడమే ఆమె నేర్చిన చదువు. 1938లో చేపలమ్ముకునే ఎవరెట్ లూయిస్‌ను వివాహమాడి, కరెంటు, కుళాయి లేని చిన్న ఇంట్లో కాపురం పెట్టారు. చేయి దూరం చాచలేరు గనుక చిన్న పలకలే ఎంచుకున్నారు. ఎడ్లు, పిల్లులు, పడవలు, మంచులో నడిచే బండ్లు వేశారు. అవి చాలక గోడలు, తలుపు, పొయ్యి మీద కూడా పూలు వేశారు (మన ఆడవాళ్లు గడపకు ముగ్గు వేసినట్టే!). దారినపోయేవారికి రెండు మూడు డాలర్లకు ఒక బొమ్మ అమ్మేవారు. 1970లో మరణించారు. ఆ ఇల్లు ఇప్పుడు హాలిఫాక్స్ చిత్రశాలలో ఉంది. 2022లో ఆమె బొమ్మ ఒకటి 3,50,000 కెనడా డాలర్లు పలికింది.

ఆమె చిన్నతనంలో ఈ జబ్బును అదుపుచేసే మందులు లేవు. నేడు ఉన్నాయి. రెండు చేతుల వేలికణుపులు వాచి, ఉదయం లేవగానే అరగంటకు పైగా బిగుసుకుపోతూ, కొన్ని వారాలు అలాగే ఉంటే ఆలస్యం చేయకండి. నొప్పి మాత్రలు బాధను తగ్గిస్తాయే గాని కీలు అరిగిపోవడాన్ని ఆపవు. తరచుగా ఇచ్చే మెథోట్రెక్సేట్ మాత్రను వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. గర్భిణులు అసలు వాడకూడదు. మధ్యమధ్య రక్తపరీక్షలు తప్పవు.

ఇప్పటికే వేళ్లు వంగినవారు గరిటె, కత్తి పిడులకు గుడ్డ చుట్టి లావు చేసుకోవచ్చు. బిందెను వేళ్లతో గాక రెండు ముంజేతులతో ఎత్తండి. పిడి ఎంత లావుండాలో ఫిజియోథెరపీ గదిలో మీ చేతికే పెట్టి చూపిస్తాము. ఇంట్లో వాడే గరిటెను వెంట తెచ్చుకోండి.