చిన్న ఫ్యాను వేగం తగ్గించడం ఎలా?

ఫ్యాను ఎంత జోరుగా తిరిగితే అంత మంచిదని అందరం అనుకుంటాం. కానీ సామలకు జోరు గాలి పనికిరాదు. మా ఊళ్లో దంచిన సామలు చేటతో చెరుగుతారు, గాలి ఉన్న రోజు తూర్పారబడతారు. గాలి లేకపోతే ఎదురుచూడాలి. సామ గింజ చాలా చిన్నది. గాలి ఎక్కువైతే పొట్టుతోపాటు గింజ కూడా పోతుంది. అది మన తిండి గింజ. అందుకే సైన్సు ప్రాజెక్టుకి తూర్పారబట్టే చిన్న ఫ్యాను చేశాను.

కావలసినవి: పాత బొమ్మకారు మోటారు, టార్చిలైటు బ్యాటరీలు 3, ప్లాస్టిక్ సీసా కోసి చేసిన రెక్కలు, పెన్సిలు, వైర్లు.

మొదటి పద్ధతి: ఒక బ్యాటరీ 1.5 వోల్టులు. వరసగా రెండు కలిపితే 3, మూడు కలిపితే 4.5. వోల్టులు పెరిగితే వేగం పెరుగుతుంది. కానీ ఇలా మూడు వేగాలే వస్తాయి. మనకు కావలసింది వాటి మధ్యలో ఉండొచ్చు.

రెండో పద్ధతి: పెన్సిలు ఒక పక్క పొడవునా చెక్కితే లోపల నల్ల కడ్డీ కనబడుతుంది. అది గ్రాఫైటు. అందులో కరెంటు పోతుంది గానీ రాగితీగలో అంత సులువుగా పోదు. దీన్నే నిరోధం అంటారు. బ్యాటరీ వైరును కడ్డీ ఒక చివర గట్టిగా కట్టాలి. మోటారు వైరు కొసను కడ్డీ మీద ఆనించి జరపాలి. రెండు వైర్లూ దగ్గరగా ఉంటే నిరోధం తక్కువ, ఫ్యాను జోరు. దూరం జరిపితే నిరోధం ఎక్కువ, ఫ్యాను నెమ్మది.

కారణం ఓమ్ నియమం: వోల్టేజి = కరెంటు × నిరోధం. కడ్డీ నిరోధం 5 ఓములు, కరెంటు 0.3 ఆంపియర్లు అనుకుందాం. 0.3 × 5 = 1.5 వోల్టులు కడ్డీ దగ్గరే ఖర్చు. 4.5లో మోటారుకు 3 వోల్టులే మిగులుతాయి.

జార్జ్ సైమన్ ఓమ్ జర్మనీ దేశస్థుడు, బడిలో పాఠాలు చెప్పేవాడు. ఈ నియమాన్ని 1827లో ప్రకటించాడు. ఆయన తండ్రి తాళాలు చేసే పనివాడు. తాళాల పనివాడి కొడుక్కి వచ్చిన లెక్క పోడు రైతు కూతురికి రాదా?

నేను చూసినవి: కాగితం గరాటులోంచి గుప్పెడు సామలు సన్నగా పోశాను. జోరు గాలికి గింజా పొట్టూ రెండూ ఎగిరాయి. మరీ నెమ్మదిగా ఉంటే రెండూ ఒకే చోట పడ్డాయి. మధ్యలో ఒక చోట పొట్టు దూరంగా, గింజలు దగ్గరగా పడ్డాయి.

ఇంకో సంగతి. ఆగి ఉన్న మోటారు తక్కువ కరెంటుకి కదలదు. ముందు జోరుగా తిప్పి, తర్వాత తగ్గించాలి.

జాగ్రత్తలు:
1. కడ్డీ వేడెక్కుతుంది. పని అవగానే వైరు తీసెయ్యాలి. పాత రకం సీలింగు ఫ్యాను రెగ్యులేటర్లు వేడెక్కడానికీ ఇదే కారణం.
2. బ్లేడుతో పెన్సిలు చెక్కడం పెద్దవాళ్లు దగ్గరున్నప్పుడే.
3. హాస్టలు ప్లగ్గులో 230 వోల్టులు ఉంటాయి. ఈ వైర్లు అందులో ఎప్పుడూ పెట్టకూడదు, ప్రాణం పోతుంది.

చోళ్లకు ఒక వేగం, నువ్వులకు ఒక వేగం కావాలి. మీ ఇంటి గింజలు తెచ్చి చూడండి. వైరు ఎక్కడ ఆగిందో పెన్సిలు చెక్క మీద గుర్తు పెట్టి, పక్కన ఆ గింజ పేరు రాయండి.

— 9వ తరగతి విద్యార్థిని