శాంతల: శాసనం ఒకటి, నవలలు రెండు

పోయిన దసరా సెలవుల్లో ఇంటిల్లిపాదీ శివగంగ కొండకి వెళ్లాం. తుమకూరు దారిలో ఉంది కదా, మీలో చాలామంది ఎక్కే ఉంటారు. పైన ఒక బండ అంచు చూపించి, "హొయ్సళ రాణి శాంతల కొడుకులు లేరనే దిగులుతో ఇక్కడ్నుంచే దూకేసింది" అన్నాడు అక్కడి గైడు. అందరూ కిందికి తొంగిచూశారు. పెళ్లయి తొమ్మిదేళ్లయినా పిల్లలు లేని మా చిన్నమ్మ మాత్రం పక్కకి వెళ్లి నిలబడింది. దిగేటప్పుడు నన్నడిగింది: "అది నిజమేనా? నువ్వు చదువుకుంటున్నావు కదా." నాకు తెలీదన్నాను. తర్వాత చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ముందు శాసనం సంగతి. విష్ణువర్ధనుడి పట్టపురాణి శాంతల 1123లో శ్రవణబెళగొళలో ఒక బసది కట్టించింది. దాని పేరు సవతిగంధవారణ బసది. సవతుల పాలిట మదపుటేనుగు అని ఆమెకున్న బిరుదే ఆ పేరు. 1131లో ఆమె శివగంగలో చనిపోయిందని అక్కడి శాసనం చెబుతుంది. ఆ దుఃఖంతో తల్లి మాచికబ్బె బెళగొళకి వచ్చి, జైన పద్ధతిలో ఉపవాసముండి ప్రాణం విడిచింది. తల్లి ఎలా పోయిందో చెప్పిన శాసనం, కూతురు ఎందుకు పోయిందో చెప్పలేదు.

ఆ ఖాళీని కన్నడ నవలాకారులు ఇద్దరు రెండు విధాలుగా పూరించారు. కె.వి.అయ్యర్ బెంగుళూరులో వ్యాయామశాల నడిపి పేరు తెచ్చుకున్న మనిషి. ఆయన 'శాంతల' నవలలో ఆమె రాజవంశం కోసం తనను తాను బలి ఇచ్చుకున్న త్యాగమూర్తి. సి.కె.నాగరాజరావుకి ఈ కథ నచ్చలేదు. శాసనాలు పరిశీలించి, ఆమెకు సంతానం ఉందనీ, ఆత్మహత్య చేసుకోలేదనీ వాదించారు. 'పట్టమహాదేవి శాంతలదేవి' అనే పెద్ద నవల రాశారు. దానికి 1983లో మూర్తిదేవి పురస్కారం వచ్చింది. ఇందులో శాంతల చదువు, నాట్యం, రాజ్యవ్యవహారం అన్నీ తెలిసిన రాణి.

ఇద్దరి ముందూ ఉన్నది అదే రాయి. ఒకరు ఆమె ఎలా చనిపోయిందో ఊహించారు, ఇంకొకరు ఎలా బతికిందో వెతికారు. అడిగిన ప్రశ్న మారేసరికి గతం కూడా మారిపోయింది. అలాగని రెండో నవలనే చరిత్ర అనుకోకూడదు. అందులోని సంభాషణలూ రచయిత కల్పించినవే. చారిత్రక నవల చదివేటప్పుడు ఏది శాసనం మాట, ఏది రచయిత మాట అని వేరు చేసుకోవాలి. లేకపోతే ఊహే కొన్నాళ్లకి బండ మీద గైడు చెప్పే చరిత్ర అయిపోతుంది.

మన రుద్రమదేవి విషయమూ ఇలాంటిదే. 1289 నాటి చందుపట్ల శాసనం ఆమె మరణాన్ని చెబుతుంది, అది ఎలా జరిగిందో వివరించదు. ఆమె మీద వచ్చిన తెలుగు నవలలనూ ఈ దృష్టితోనే చదవాలనిపిస్తుంది.

మొన్న చిన్నమ్మకి ఫోన్ చేసి, "శాసనంలో దూకిందని లేదు చిన్నమ్మా" అని చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ పొద్దే చెప్పుంటే బాగుండేది కదే" అంది.