పర్యాటకుని రూపాయి ఎవరి ఇంటికి చేరుతుంది?

పర్యాటకం ఒక పెద్ద పరిశ్రమ. యాత్రికుడు గదికి, భోజనానికి, వాహనానికి, వస్తువులకు పెట్టే ఖర్చే దాని ఆదాయం. ఆ ఆదాయం ఆ ఊరివారికి ఎంత అందుతోంది? ఈ ప్రశ్నను పట్టుకుని జీవితమంతా పనిచేసిన బ్రిటిష్ ఆచార్యుడు హెరాల్డ్ గుడ్‌విన్. డిగ్రీ తరువాత ఏం చదవాలని అడిగే మన హాస్టల్ తమ్ముళ్ల కోసం ఆయన కృషిని క్లుప్తంగా పరిచయం చేస్తున్నాం.

పరిశోధకునిగా...

1990లలో ఆయన సహచరులతో కలిసి మూడు జాతీయ పార్కులను అధ్యయనం చేశారు. అవి మన దేశంలోని కేవలాదేవ్ (రాజస్థాన్), ఇండోనేషియాలోని కొమోడో, జింబాబ్వేలోని గోనరేఝౌ. పార్కుకు వచ్చేవారి వలన చుట్టుపక్కల గ్రామాలకు కలిగే లాభమెంత అన్నది అందులో ముఖ్యాంశం.

ఇక్కడ 'లీకేజీ' అనే మాట తెలుసుకోవాలి. హోటల్ మన ఊళ్లోనే ఉంటుంది. బియ్యం, చేపలు, పనివారు మాత్రం బయటి నుండి వస్తారు. అప్పుడు సొమ్ము కూడా బయటికే పోతుంది. దీనికి గుడ్‌విన్ చెప్పే మందు, హోటల్‌కు, ఊరికి మధ్య కొనుగోళ్లు, ఉద్యోగాలు పెంచడం.

పరిశ్రమలో...

ఆయన తరగతి గదిలోనే ఉండిపోలేదు. 2001లో బాధ్యతాయుత యాత్రలు అమ్మే ఒక సంస్థ స్థాపనలో భాగస్వామి అయ్యారు. 2002లో బాధ్యతాయుత పర్యాటకంపై వెలువడిన కేప్‌టౌన్ ప్రకటనలో ముఖ్య పాత్ర వహించారు. స్థానికులు బాగా బతకగలిగిన చోటే యాత్రికులకూ మంచి చోటు అవుతుందని దాని సారాంశం.

కేరళలో...

2008లో ఇదే అంశంపై కొచ్చిలో అంతర్జాతీయ సదస్సు జరిగింది. కేరళ ప్రభుత్వం కుమరకం, తేక్కడి, వయనాడ్, కోవళంలలో ప్రయోగం మొదలుపెట్టింది. కుమరకంలో కుటుంబశ్రీ మహిళలు కూరగాయలు పండించి హోటళ్లకు అమ్మారు. ధరలకు, నాణ్యతకు కమిటీలు వేశారు. పడావు భూములు సాగులోకి వచ్చాయి. ఈ ప్రయోగానికి 2013 సంవత్సరపు ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ ఉలిసిస్ అవార్డు లభించింది. అయితే అన్ని పథకాలూ ఇలా నెగ్గవు. విజయవంతమైనవని నిపుణులు చెప్పిన గ్రామ పర్యాటక పథకాలను గుడ్‌విన్ 2009లో మరొకరితో కలిసి పరిశీలించారు. సొంత ఆదాయంతో నిలబడినవి వాటిలో తక్కువే అని తేలింది. మంచి ఉద్దేశం ఉంటే చాలదు, లెక్క కూడా చూడాలి.

మనం చేయగలిగింది...

మన భూదాన్ పోచంపల్లిని 2021లో అదే ప్రపంచ సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా గుర్తించింది. అక్కడ యాత్రికుడు కొన్న చీర ధరలో మగ్గం మీద కూర్చున్న మనిషికి చేరేదెంత? ఇది చక్కని ప్రాజెక్టు అంశం.

మాలో చాలామందిమి ఇంట్లో మొదటి డిగ్రీ చదివినవాళ్లం. పరిశోధన అంటే మొదట భయపడ్డాం. కానీ కూలి ఎంత, మధ్యవాడు మిగుల్చుకున్నదెంత అనే లెక్క మన ఇళ్లలో రోజూ జరిగేదే. దాన్ని ఓపికగా అడిగి, సరిచూసి, కాగితం మీద పెట్టడమే పరిశోధన. తమ్ముళ్లూ, ఆ పని మనకంటే బాగా ఎవరు చేయగలరు?